నడిరాత్రి మెలకువలకు సీబీటీ-ఐ చికిత్స: తీసుకున్న తరువాత నా అంచనా

పడుకోగానే నిద్ర పట్టి, రెండు మూడు గంటలకే మెలకువ వచ్చి, ఆ తరువాత తెల్లవారేదాకా దొర్లుతూ గడిపే బాధ ఉన్నవారికి బజారులో వస్తువులకు కొదవ లేదు. బరువైన దుప్పట్లు, కళ్లగంతలు, వాన చప్పుడు వినిపించే యంత్రాలు, నిద్రను కొలిచే చేతి గడియారాలు, మాత్రలు, గుళికలు అన్నీ దొరుకుతాయి. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది వీటిలో దేన్నీ కాదు. నిద్రలేమి కోసం ప్రత్యేకంగా రూపొందిన, సీబీటీ-ఐ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఫర్ ఇన్సోమ్నియా, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే నిద్రలేమి చికిత్స) అనే పేరుతో వైద్యరంగంలో స్థిరపడిన మాటల చికిత్సను సమీక్షిస్తున్నాను. క్లినికల్ సైకాలజిస్టు ఒకరు సాధారణంగా వారానికొకసారి, నాలుగు నుంచి ఎనిమిది విడతల్లో, ఎదురుగా కూర్చోబెట్టుకొని గానీ వీడియో ద్వారా గానీ మాట్లాడుతూ, మధ్యలో మన చేత నిద్ర డైరీ రాయిస్తూ నడిపించే సేవ ఇది. నేను దీనిని వీడియో ద్వారా తీసుకున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: నడిరాత్రి మెలకువలకు ఇంతకంటె నమ్మదగిన ఉపాయం నాకు కనబడలేదు. కానీ ఈ చికిత్సలో నిజంగా బరువు మోసే భాగాలు రెండే. ఆ రెండూ మొదటి వారాల్లో మనిషిని మునుపటికంటె ఎక్కువ అలసటకు గురిచేస్తాయి. ఆ సంగతి తెలియకుండా చేరినవారు సరిగ్గా ఫలితం మొదలయ్యే ముందే మానేసే ప్రమాదం ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి విడతలో నాకు అన్నిటికంటె మేలు చేసింది, మెలకువ రావడమే జబ్బు కాదని సైకాలజిస్టు ఓపికగా వివరించడం. నిద్ర ఏకధాటిగా సాగదు. సుమారు 90 నిమిషాల పొడవుండే చక్రాలుగా, రాత్రికి నాలుగు నుంచి ఆరుసార్లు తిరుగుతుంది. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి మూడో వంతులోనే అయిపోతుంది, తెల్లవారుజాము వైపు వెళ్లేకొద్దీ కలల నిద్ర పాలు పెరుగుతుంది. ఈ చక్రాల మధ్య కొద్దిపాటి మెలకువ ఆరోగ్యవంతులందరికీ వస్తుంది, అది ఒకటి రెండు నిమిషాలకు మించకపోతే పొద్దుటికి గుర్తు కూడా ఉండదు. వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గి ఈ మెలకువలు పెరుగుతాయి. కాబట్టి ఒక్కసారి కూడా కళ్లు తెరవకుండా తెల్లవార్లూ నిద్రపోవాలన్న కోరిక శరీర ధర్మానికి సరిపడనిది. వచ్చిన మెలకువ అరగంటకూ గంటకూ సాగడం, అది వారంలో కనీసం మూడు రాత్రులు జరగడం, మూడు నెలలకు పైగా కొనసాగడం, దానివల్ల పగటి జీవితం దెబ్బతినడం, ఇవన్నీ కలిసినప్పుడు వైద్యులు దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. చికిత్స గురి పెట్టేది అక్కడే.

ఒక మామూలు చెడ్డ వారం నెలల తరబడి సాగే నిద్రలేమిగా ఎలా మారుతుందో చెప్పిన తీరు ఈ చికిత్సకు పునాది. ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1980లలో దానికి మూడు కారణాల వరుస చెప్పాడు. కలత నిద్ర స్వభావం కొందరికి ముందునుంచే ఉంటుంది. జబ్బో, దుఃఖమో, పనిలో ఒత్తిడో దానిని రగిలిస్తుంది. ఆ తరువాత నిద్రలేమిని తట్టుకోవడానికి మనం చేసే పనులే దానిని నిలబెడతాయి. నిద్ర తక్కువైందని పెందలాడే పడుకుంటాము, తెల్లవారిన తరువాత కూడా మంచం వదలము, మధ్యాహ్నం కునుకు తీస్తాము, సెలవు రోజున ఎండెక్కేదాకా పడుకుంటాము. ఇవన్నీ ఆ పూటకు సహజంగా తోచేవే. కానీ నిద్రకు కావలసిన ఒత్తిడి మనం మెలకువగా ఉన్నంతసేపే కూడుతుంది. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకోవడం అందులో ఒక భాగం. ఈ ఒత్తిడీ, శరీరంలోని పగలూ రాత్రీ లయా రెండూ కలిసి నిద్రను నడిపిస్తాయని స్విట్జర్లాండులో పనిచేసిన అలెగ్జాండర్ బోర్‌బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనా ఇప్పటికీ ఈ రంగానికి ఆధారంగా ఉంది. పెందలాడే పడుకున్నవాడికి ఒత్తిడి చాలినంత కూడదు. మొదటి గాఢనిద్ర దానిలో చాలా భాగాన్ని ఖర్చు చేసేస్తుంది, ఇక నడిరాత్రి వచ్చిన చిన్న మెలకువను మళ్లీ నిద్రలోకి లాగే బలం మిగలదు. ఈ ఒక్క వివరణ అర్థమైతే తరువాత చెప్పే కఠినమైన నియమాలన్నిటికీ కారణం దొరుకుతుంది. మంచి చికిత్సకులు దీని మీద తగినంత సమయం గడుపుతారు. నాకు చికిత్స చేసినవారు గడిపారు.

చేర్చుకునే ముందు జరిగే పరిశీలనను బట్టే సేవ నాణ్యతను చాలావరకు అంచనా కట్టవచ్చు. నిద్రలేమి తీవ్రతను కొలవడానికి ఛార్లెస్ మోరిన్ రూపొందించిన ఏడు ప్రశ్నల పట్టిక ఒకటుంది. 0 నుంచి 28 వరకు మార్కులు వస్తాయి. 15 నుంచి 21 వరకు వస్తే సమస్య మధ్యస్థం, 22 గానీ ఆపైన గానీ వస్తే తీవ్రం అని లెక్క. దీనిని దాదాపు అందరూ వాడతారు. అంతకంటె ముఖ్యమైనవి దాని తరువాత అడగవలసిన ప్రశ్నలు. గట్టిగా గురక వస్తుందా, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారా, పొద్దున్నే తలనొప్పి ఉంటుందా, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతున్నారా అని అడగడం నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియాను పట్టుకోవడానికి. సాయంత్రమయ్యేసరికి కాళ్లలో ఏదో పాకుతున్నట్టుండి కదపకుండా ఉండలేకపోతున్నారా అని అడగడం మరో వ్యాధి కోసం. రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నారు, గుండెల్లో మంట ఉందా, నొప్పులున్నాయా, నెలసరి ఆగే వయసులో ఒళ్లంతా వేడెక్కుతోందా, మూత్రం ఎక్కువ చేసే మాత్రలూ స్టిరాయిడ్లూ వంటివి ఏ వేళకు వేసుకుంటున్నారు, ఇవన్నీ అడగాలి. నడిరాత్రి మెలకువకు అసలు కారణం వీటిలో ఏదైనా అయితే, దానిని వదిలేసి మాటల చికిత్స ఒక్కటే చేయడం రోగికి అన్యాయం. అలాగే బైపోలార్ వ్యాధి, మూర్ఛ, నిద్రలో నడిచే అలవాటు ఉన్నవారికి నిద్ర కాలాన్ని కుదించడం ప్రమాదకరం కావచ్చు. ఈ ప్రశ్నలేవీ అడగకుండా నేరుగా మొదటి పాఠంలోకి దిగే సేవను నేను ఎవరికీ సూచించను.

ఆ తరువాత డైరీ. ఎన్ని గంటలకు పడుకున్నాము, నిద్ర పట్టడానికి సుమారు ఎంతసేపయింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఆ మెలకువలన్నీ కలిపి ఎంతసేపు, చివరిసారి ఎప్పుడు కళ్లు తెరిచాము, ఎప్పుడు మంచం దిగాము అని ప్రతి ఉదయం రాయాలి. పరిశోధకులు 2012లో ఒక ఉమ్మడి నమూనాను కూడా ప్రచురించారు. అన్నీ అంచనాలే రాయాలి, గడియారం చూసి రాయకూడదు. ఒకటి రెండు వారాలు రాసేసరికి మనం ఊహించుకున్న నిద్రకూ కాగితం మీద కనబడే నిద్రకూ తేడా బయటపడుతుంది. అసలు నిద్రే లేదు అని చెప్పేవారి డైరీలో కూడా చెడ్డ రాత్రులతో పాటు ఫరవాలేని రాత్రులు ఉంటాయి, వాటి మధ్య ఒక తీరు ఉంటుంది. ఈ డైరీ నుంచే చికిత్సకు కేంద్రమైన అంకె వస్తుంది. నిద్రపోయిన సమయాన్ని మంచం మీద గడిపిన సమయంతో భాగించి శాతంగా చెప్పేదే నిద్ర సామర్థ్యం. 85 శాతం, ఆపైన ఉంటే ఆరోగ్యకరమని సాధారణంగా భావిస్తారు.

ఇక మంచం మీద గడిపే కాలాన్ని కుదించడం. స్పీల్‌మన్ తన సహచరులతో కలిసి 1987లో ప్రచురించిన పద్ధతి ఇది, నా దృష్టిలో ఈ సేవ అంతటికీ ప్రాణం. ఒక ఉదాహరణ చెబుతాను. రాత్రి 10 గంటలకు పడుకొని ఉదయం 6:30కు లేచే వ్యక్తి మంచం మీద ఎనిమిదిన్నర గంటలు గడుపుతున్నాడు, డైరీ ప్రకారం నిద్రపోతున్నది సగటున ఆరు గంటలు. అంటే సామర్థ్యం సుమారు 70 శాతం. అతనికి ఇక మీదట మంచం మీద ఆరు గంటలే అనుమతి. ఉదయం 6 గంటలకు లేవాలని నిర్ణయించుకుంటే అర్ధరాత్రి 12 దాకా పడుకోకూడదు. రాత్రి ఎలా గడిచినా, సెలవు రోజయినా, లేచే వేళ మారకూడదు. వారం తరువాత సగటు సామర్థ్యం 85 లేదా 90 శాతం దాటితే మునుపటికంటె 15 నిమిషాలు ముందుగా పడుకోనిస్తారు. దాటకపోతే అలాగే ఉంచుతారు లేదా మరికొంచెం తగ్గిస్తారు. ఎంత తగ్గించినా సాధారణంగా ఐదు గంటలకంటె దిగరు. ఉన్న నీటిని వెడల్పాటి పళ్లెంలో పోస్తే పలచగా పరుచుకుంటుంది, ఇరుకైన పాత్రలో పోస్తే లోతుగా నిలుస్తుంది; ముక్కలు ముక్కలుగా పరుచుకున్న నిద్రను ఒక్కచోటికి చేర్చడానికి ఈ పద్ధతి చేసేది అదే.

చెప్పడానికి తేలిక, చేయడం కష్టం. మొదటి రోజుల్లో రాత్రి 10 దాటేసరికి రెప్పలు వాలిపోతాయి, ఇంట్లో అందరూ పడుకున్న తరువాత ఒంటరిగా మెలకువగా కూర్చోవడం నిజంగా శిక్షలా తోస్తుంది. పగలు తల బరువుగా ఉంటుంది, చిన్న మాటకు కూడా చిరాకు వస్తుంది, చదివిన వాక్యమే మళ్లీ చదవవలసి వస్తుంది. దూరాలు వాహనం నడిపేవారూ, ఎత్తుల మీదా యంత్రాల దగ్గరా పనిచేసేవారూ ఈ దశను చాలా జాగ్రత్తగా దాటాలి. అలాంటివారి కోసం కాలాన్ని ఒక్కసారిగా తెగ్గోయకుండా వారం వారం కొద్దికొద్దిగా తగ్గించే మెత్తని పద్ధతి కూడా ఉంది. చికిత్సకులు దానిని స్వయంగా ప్రస్తావించాలి. నాకు ఈ దశలో కనిపించిన మొదటి మార్పు నిద్ర పెరగడం కాదు. రాత్రి మెలకువ వచ్చినా వెనువెంటనే మళ్లీ నిద్రలోకి జారిపోవడం. నిద్ర మొత్తం గంటలు అంతగా మారకముందే దాని అల్లిక బిగిసింది, పొద్దున్న లేచినప్పుడు నిద్రపోయానన్న భావన చాలా కాలానికి కలిగింది. అది కలిగిన తరువాత ఈ కష్టానికి అర్థం ఉందని ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

రెండవ బలమైన భాగం మంచానికీ నిద్రకూ ఉన్న సంబంధాన్ని తిరిగి కట్టడం. రిచర్డ్ బూట్జిన్ 1972లో వివరించిన ఈ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన చాలా సరళమైనది. నెలల తరబడి మంచం మీద మెలకువగా, ఆందోళనగా పడుకున్నవారి మెదడు, మంచాన్ని చూడగానే మేలుకోవడం నేర్చుకుంటుంది. కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడిన మనిషికి దిండు మీద తల పెట్టగానే నిద్ర ఎగిరిపోవడానికి ఇదే కారణం. కాబట్టి నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడుకోవాలి. అలసట వేరు, నిద్ర రావడం వేరు. ఈ తేడాను గుర్తించడం నేర్పడానికే మా సంభాషణల్లో చాలా సమయం పట్టింది. పడుకున్న తరువాత గానీ నడిరాత్రి లేచిన తరువాత గానీ సుమారు 15, 20 నిమిషాలు గడిచినట్టు తోచినా, లేదా ఒంట్లో చిరాకు మొదలైనా, మంచం దిగి మరో చోటికి వెళ్లాలి. మళ్లీ కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి రావాలి. అవసరమైతే రాత్రంతా ఇదే చేయాలి. ఆ 15 నిమిషాలను గడియారంతో కొలవకూడదు. అసలు పడకగదిలో గడియారం ముఖం కనబడకుండా తిప్పేయమంటారు. సమయం చూసిన మరుక్షణం ఇంకా ఎన్ని గంటలు మిగిలాయన్న లెక్క మొదలవుతుంది, ఆ లెక్క పూర్తయ్యేసరికి నిద్ర పూర్తిగా వదిలిపోతుంది.

ఈ నియమం గురించి చదివినవారికి అది తెలుసు అనిపిస్తుంది. ఆచరణలో తేలేది వేరు. నడిరాత్రి మనస్సు బేరం పెడుతుంది. ఇంకాసేపు పడుకుంటే పట్టేస్తుందేమో, ఇప్పుడు లేస్తే ఉన్న మగత కూడా పోతుందేమో అంటుంది. అందుకే ఆ రాత్రికి కావలసిన ఏర్పాటు సాయంత్రమే చేసుకోవాలని నాకు చికిత్స చేసినవారు పట్టుబట్టారు: పక్కగదిలో ఒక కుర్చీ, కప్పుకోవడానికి ఒక దుప్పటి, మసక వెలుతురు దీపం, మధ్యలో ఎక్కడైనా ఆపేయగలిగిన నెమ్మదైన పుస్తకం. ఫోను వద్దు. తెర వెలుతురు ఒక కారణమైతే, అందులో కనిపించే వార్తలూ సందేశాలూ అంతకంటె పెద్ద కారణం. ఏర్పాటు ముందే ఉంటే లేవడానికి నిర్ణయం తీసుకోవలసిన పని ఉండదు, కాళ్లు కింద పెడితే చాలు. ఇలాంటి చిన్న విషయాలే మనిషితో చేయించుకునే చికిత్సకు విలువ తెస్తాయి. వృద్ధులూ, తూలి పడే ప్రమాదం ఉన్నవారూ చీకట్లో మంచం దిగడం క్షేమం కాదు కాబట్టి వారిని మంచం మీదే లేచి కూర్చోమంటారు. ఈ సవరణ కూడా తెలిసినవారి దగ్గరే దొరుకుతుంది.

ఆలోచనల భాగం మీద నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. ఈ రాత్రి నిద్ర పట్టకపోతే రేపటి పని మొత్తం పాడవుతుంది అనే మాటను పట్టుకొని, గతంలో అలాంటి రాత్రుల తరువాత పని నిజంగా ఎలా సాగిందో డైరీ చూపించి పోల్చడం మంచి అభ్యాసం. భయం పూర్తిగా పోదు గానీ దాని పట్టు సడలుతుంది. సాయంత్రం వేళ ఒక నిర్ణీత సమయంలో దిగుళ్లన్నీ కాగితం మీద పెట్టి, ప్రతిదాని పక్కన రేపు చేయగలిగిన ఒక్క పని రాయడం కూడా నాకు ఉపయోగపడింది. రాత్రి అదే దిగులు తలుపు తట్టినప్పుడు దానికి జవాబు ఇచ్చేశామన్న ధీమా ఉంటుంది. అయితే మెలకువలో వచ్చే ప్రతి ఆలోచననూ పట్టికలో రాసి, దానికి సాక్ష్యాలూ ప్రతిసాక్ష్యాలూ వెతికే అభ్యాసం కొందరిని మరింత మేల్కొల్పుతుంది. దానిని పగటికే పరిమితం చేయాలి. కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతి, ఎడ్మండ్ జేకబ్సన్ దాదాపు వందేళ్ల నాడు తీర్చినది, ఒళ్లు బిగుసుకుపోయేవారికి హాయినిస్తుంది. నిద్ర పట్టించే సాధనంగా దానిని వాడితే మాత్రం పట్టిందా లేదా అని చూసుకోవడంలోనే సగం రాత్రి గడిచిపోతుంది.

పరిశుభ్రమైన నిద్ర అలవాట్లు అని చెప్పే పాఠం అన్నిటిలోకీ పలచనిది. గది చల్లగా, చీకటిగా ఉండాలి, పడుకునే ముందు భారీ భోజనం వద్దు అనేవి చాలామందికి తెలిసినవే. అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2021 మార్గదర్శకాల్లో ఈ అలవాట్లను మాత్రమే చికిత్సగా ఇవ్వవద్దని సూచించింది. ఈ పాఠంలో రెండు విషయాలు మాత్రం నడిరాత్రి మెలకువకు నేరుగా సంబంధించినవి. కెఫీన్ అడినోసిన్ పనికి అడ్డుపడుతుంది, తీసుకున్నదానిలో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. పడుకోవడానికి ఆరు గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా నిద్రను గంటకు పైగా తగ్గించినట్టు 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగం చూపింది. ఇక మద్యం, అది త్వరగా నిద్ర పట్టిస్తుంది, ఒంట్లో తగ్గుతున్నకొద్దీ రాత్రి రెండవ సగాన్ని చిందరవందర చేస్తుంది. పడుకున్న మూడు నాలుగు గంటలకు మెలకువ వచ్చేవారు మొదట చూసుకోవలసింది ఈ రెండింటినే. ఈ మాత్రం చెప్పడానికి ఒక పూర్తి విడత అవసరం లేదని నా అభిప్రాయం; ఆ సమయాన్ని కాల కుదింపులో తలెత్తే ఇబ్బందులకు ఇచ్చి ఉంటే బాగుండేది.

ఫలితాల విషయంలో చేరబోయేవారు సరైన ఆశతో చేరడం మంచిది. 2015లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ 20 పరిశోధనలను, 1,162 మందిని కలిపి చూసింది. నిద్ర పట్టిన తరువాత మెలకువగా గడిపే సమయం సగటున 26 నిమిషాలు తగ్గింది, నిద్ర పట్టడానికి పట్టే సమయం 19 నిమిషాలు తగ్గింది, సామర్థ్యం దాదాపు 10 శాతం పెరిగింది. మొత్తం నిద్ర పెరిగింది మాత్రం ఎనిమిది నిమిషాల లోపే. చివరి అంకె చూసి నిరుత్సాహపడనక్కరలేదు. నిద్ర గంటలను గుత్తగా పెంచుతామని ఈ చికిత్స చెప్పదు. చీలిపోయిన నిద్రను అతుకుతుంది, రాత్రి అంటే ఉన్న బెదురును తగ్గిస్తుంది. నడిరాత్రి మెలకువతో బాధపడేవారికి కావలసినది అదే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనూ, ఐరోపా నిద్ర పరిశోధన సంఘం 2017లోనూ, పెద్దవారిలో దీర్ఘకాలిక నిద్రలేమికి మందులకంటె ముందు ఈ చికిత్సనే ఇవ్వాలని చెప్పాయి.

చికిత్సకులు దొరకనివారికి స్వయంగా నడిచే యాప్‌లు ఉన్నాయి. అమెరికా మాజీ సైనికుల శాఖ రూపొందించిన ఇన్సోమ్నియా కోచ్ ఉచితం. డైరీ, వారాల వారీ ప్రణాళిక, సూచనలు అందులోనే ఉంటాయి. అదే శాఖ నుంచి అంతకుముందు వచ్చిన సీబీటీ-ఐ కోచ్ చికిత్సకుల పర్యవేక్షణతో పాటు వాడడానికి ఉద్దేశించినది. స్లీపియో అనే కార్యక్రమాన్ని ఏ చికిత్సలు వాడదగినవో సూచించే బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2022లో సిఫారసు చేసింది. స్వయంగా నియమం పాటించగలిగి, వేరే జబ్బులేవీ లేనివారికి ఇవి మంచి ఆరంభం. మనిషితో చేసే చికిత్సకు ఉన్న ఆధిక్యం నాకు స్పష్టంగా కనబడింది ఒక్కచోటే: మానేయాలనిపించిన వారంలో డైరీని చూసి, సామర్థ్యం ఇంకా తక్కువగా ఉన్నా మెలకువల పొడవు ఎలా తగ్గుతోందో వేలు పెట్టి చూపించి, మరో వారం ఆగమని చెప్పే గొంతు. యాప్ నుంచి వచ్చే హెచ్చరికను ఒక్క వేలితో తోసేయవచ్చు.

నిద్రను కొలిచే చేతి గడియారాల గురించి నిక్కచ్చిగా చెప్పాలి. కదలకుండా మెలకువగా పడుకున్న సమయాన్ని ఇవి తరచు నిద్రగా లెక్క కడతాయి, గాఢనిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అనే లెక్కలు ప్రయోగశాల పరీక్షకు సాటి రావు. నిద్ర మార్కుల కోసం తాపత్రయపడి నిద్ర పాడుచేసుకున్నవారి గురించి 2017లో వైద్య పరిశోధకులు ప్రత్యేకంగా రాశారు, ఆ స్థితికి ఒక పేరు కూడా పెట్టారు. చికిత్స సాగినన్నాళ్లు గడియారాన్ని తీసేయమని నాకు చెప్పారు, ఆ సలహా సరైనదని నమ్ముతున్నాను. మెలటోనిన్‌ను, అలెర్జీకి వాడే మత్తు మాత్రలను నిద్రలేమికి వాడవద్దనే అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2017లో సూచించింది. జోల్పిడెమ్ వంటి నిద్రమాత్రల మీద, నిద్రలోనే లేచి నడవడం, వాహనం నడపడం వంటి ప్రమాదాల కారణంగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. అయినా ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు వాటిని తమంతట తాము హఠాత్తుగా మానకూడదు. రాసిన వైద్యుడితో మాట్లాడి క్రమంగా తగ్గించుకోవాలి. మాత్రలు తగ్గించుకోవడమూ ఈ చికిత్స తీసుకోవడమూ ఒకేసారి సాగవచ్చు. ఆ సమన్వయం చేయగల సేవ దొరికితే అదృష్టం.

నేను తీసుకున్న సేవలో లోపాలు లేకపోలేదు. అన్నిటికంటె కష్టమైన మొదటి రెండు వారాల్లోనూ విడతకూ విడతకూ మధ్య వారం పూర్తిగా మౌనంగా గడిచేది. మధ్యలో ఒక్క చిన్న ఫోను పలకరింపు ఉంటే ఎంతో ఊరటగా ఉండేది. కొన్ని పాఠాలు అందరికీ ఒకే అచ్చులో పోసినట్టుండి, రాత్రి పాళీల్లో పనిచేసేవారికి, పసిపిల్లల తల్లులకు, మంచాన పడినవారిని చూసుకునేవారికి ఏమాత్రం అమరవు. నిర్ణీత వేళకు లేవడం వారి చేతుల్లో లేని పని. ఇంట్లోవారిని ఒక్క విడతకైనా పిలిచి వివరించే ఏర్పాటు కూడా లేదు. పక్కన పడుకున్న మనిషికి ఈ నియమాలు అర్థం కాకపోతే, అర్ధరాత్రి దాకా కూర్చోవడం చూసి జాలితో పడుకోమని బలవంతం చేస్తారు, నడిరాత్రి దీపం వెలిగిందని విసుక్కుంటారు.

ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా, మూడు నెలలు దాటిన నడిరాత్రి మెలకువలతో బాధపడుతూ, పైన చెప్పిన జబ్బులు లేవని వైద్యుడి దగ్గర నిర్ధారించుకున్నవారికి ఈ చికిత్సను గట్టిగా సిఫారసు చేస్తాను. చేరే ముందు సేవ అందించేవారిని నాలుగు సంగతులు అడగండి: ఈ చికిత్సలో ప్రత్యేకంగా శిక్షణ పొందారా, మంచం మీద కాలాన్ని కుదించే పద్ధతిని నిజంగా చేయిస్తారా లేక అలవాట్ల పాఠాలతో సరిపెడతారా, మొదటి వారాల్లో విడతల మధ్య సంప్రదించవచ్చా, చికిత్స ముగిసిన కొన్ని నెలలకు మళ్లీ ఒకసారి చూస్తారా. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, జబ్బు చేసినప్పుడో ఇంట్లో కష్టం వచ్చినప్పుడో పాత మెలకువలు తిరిగి వస్తాయి. అప్పుడు డైరీ మళ్లీ తెరిచి, కాలాన్ని ఒకటి రెండు వారాలు తిరిగి కుదించుకోవడం ఎలాగో చివరి విడతలోనే కాగితం మీద రాసి చేతికిచ్చేవారిని ఎంచుకోండి.